రేపు చెప్తానండీ

"ఎప్పుడు జాయినవుతారు మేడమ్?" అని కొత్త కంపెనీ హెచ్ఆర్ ఫోన్లో అడిగేసరికి బస్సు మంగళగిరి దాటుతోంది. ఒళ్లో టిఫిన్ డబ్బా, నాకు అయిదో నెల. "రేపు చెప్తానండీ" అన్నా.

కొత్త ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరే. రోజూ ఈ గుంటూరు బస్సు బాధ తప్పుతుంది.

కానీ కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులైనా అక్కడ పనిచేసి ఉంటేనే జీతంతో 26 వారాల సెలవు. నిన్న రాత్రి క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కేశా. నోటీసు నెల పోను, ఆదివారాలు, రెండో శనివారాలు కొట్టేస్తే 84. నాలుగు రోజులే ఎక్కువ! డాక్టరమ్మ ముందే రెస్ట్ తీసుకోమంటే?

మా ఆయన "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకే ఒళ్లు మండుతుంది.

దిగుతుంటే కండక్టర్ "నెమ్మదిగా తల్లీ" అన్నాడు. ఆయనకి తెలిసిపోయింది. హెచ్ఆర్‌కే ఇంకా చెప్పలేదు.