అసలు రంగు జీబ్రా ఫించ్‌ల కోసం

జీబ్రా ఫించ్ అనే చిన్న పెంపుడు పక్షుల్లో తెల్లవి, మచ్చలవి, గోధుమవన్నెవి ఎక్కడ చూసినా కనిపిస్తాయి గాని, బూడిదరంగు వీపు, కంటి కింద కన్నీటి చారలాంటి నల్లగీత, మగదానికి ఇటుకరంగు చెంపలు ఉన్న అసలు జీబ్రా ఫించ్‌ల జత దొరకడానికి నాకు 2 ఏళ్లు పట్టింది. పైరంగును నమ్మడానికి లేదు. తెలుపు, మచ్చల లక్షణాలు ఆడమగ రెండింటిలోనూ బయటపడకుండా దాగి ఉండగలవు. గోధుమవన్నె లింగ క్రోమోజోమ్‌తో వచ్చే అంతర్గత (బయటపడకుండా దాగగల) లక్షణం కనుక మగదానిలోనే దాగుతుంది, బూడిదరంగు ఆడదానిలో దానికి చోటే లేదు. అందుకే మగదాన్ని ముందుగా గోధుమవన్నె ఆడదానితో జతకట్టించి, 3 విడతల పిల్లలకు ఈకలు వచ్చేదాకా ఓపికపట్టాను. మగదానిలో గోధుమవన్నె దాగి ఉంటే కొన్ని పిల్లలైనా ఆ రంగులో రావాలి; 11 పిల్లలూ బూడిదరంగులోనే ఎదిగాయి. ఆ తరువాతే దానిని దాని అసలు జోడీతో కలిపాను. నిన్న ఉదయం గూట్లో అయిదవ గుడ్డు కనిపించింది.