పాత మండువా ఇంటి గోడకి సిమెంటు పూసే ముందు

గోడ అడుగున పెచ్చులూడగానే తాపీమేస్త్రి అనే మాట ఒకటే: “మూడడుగుల ఎత్తు సిమెంటు కొట్టేద్దామండీ, మళ్లీ చూసుకోనక్కర్లేదు.” గోదావరి డెల్టాలో పాత ఇళ్లకి ఇంతకంటే ఖరీదైన సలహా లేదు.

రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలోనైనా, కోనసీమ అగ్రహారాల్లోనైనా పాత ఇళ్లు గానుగ సున్నంతో కట్టినవి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టదీ సున్నపు కట్టుబడే. మన నేలలో నీళ్లు పైనే ఉంటాయి, పునాది ఆ చెమ్మని పీలుస్తుంది. సున్నం గోడ దాన్ని ఎప్పటికప్పుడు గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి, చెమ్మ పూత అంచు దాటి పైకెక్కుతుంది. రెండడుగుల దగ్గర ఆగే తడి నాలుగైదడుగులకు పోతుంది. నీటితోపాటు ఎక్కిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఇటుకని పొడి చేస్తుంది. తడి దూలం చివరల దాకా వెళ్లిందా, చెదలకి పండగే.

గోడ ముట్టుకునే ముందు వీధి చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైన పోస్తారు. ఒకప్పుడు మెట్లెక్కి చేరే అరుగు ఇప్పుడు రోడ్డుతో సమం. వాన నీరు పునాదిలోకే వస్తుంటే ఎంత మంచి సున్నమైనా దండగ. గోడ చుట్టూ గట్టిగా పోసిన కాంక్రీటు తీసి, నీరు బయటికి వాలేలా కాలవ తియ్యాలి.

పాత సిమెంటు పూతని వేసవిలో, సాగు కాలవలకి నీళ్లు ఆపేశాక తియ్యండి. చిన్న ఉలితో, తడి గీతకి అడుగున్నర పైదాకా. మిషను పెడితే మెత్తటి పాత ఇటుక ముక్కలవుతుంది. సందుల్లో పొడిబారిన సున్నాన్ని అంగుళం లోతు గీకి, ఉప్పుని పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. ఆపైన వేసవంతా ఆరనివ్వండి.

సున్నం ఇనప డ్రమ్ములో నానెయ్యాలి. నీళ్లలో సున్నం వెయ్యాలి గానీ సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు. కుతకుత ఉడికి ఎగజిమ్ముతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా నెలరోజులు ఉంచితే మేలు. తొందరపడితే ఉడకని పలుకులు ఆర్నెల్లకి గోడలోనే ఉబ్బి, పూత చిల్లులుగా రాలుతుంది. ఇసుక గోదావరి ర్యాంపుదే, అంటే నదిలో ఇసుక తీసే రేవుదే, కడిగినది. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉన్నది ఉప్పే.

మొదటి పూతకి ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ (ఇటుక పొడి), రెండు పాళ్లు ఇసుక. సుర్కీకి తక్కువ కాలిన ఇటుక మెత్తగా దంచాలి, నల్లగా కాలినది పట్టు ఇవ్వదు. కలిపిన మాలు ఆ రోజే అయిపోవాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పాతకాలం నుంచీ కలుపుతున్నారు గానీ, సున్నం సరిగ్గా నానకపోతే అవేవీ కాపాడవు.

పూత దీపావళి వెళ్లాక, ఎండ తగ్గినప్పుడు. గోడ తడిపి, ఒక్కో పూత అరంగుళం మించకుండా వేసి, తడి గోనెపట్టాలు వారంపాటు కట్టాలి. మందంగా వేసినా, త్వరగా ఆరినా బీటలే. బీటలు చూసి “సున్నం పనికిరాదండీ” అనడం మేస్త్రికి తేలిక, తడపడం అతనికి అదనపు పని మరి.

దూలం చివర గోడలో దిగిన చోట చుట్టూ వేలు పట్టేంత ఖాళీ వదలండి, అక్కడ మాలు కూరవద్దు. మండువాలో రెండు పెంకు వాలులు కలిసే మూల రేకుని ఏటా తొలకరికి ముందు శుభ్రం చెయ్యాలి. ఆకులు నిండితే నీరు నేరుగా వాసాల్లోకి దిగుతుంది.

పైన రంగు కావాలంటే సున్నపు వెల్లే. ప్లాస్టిక్ ఎమల్షను వేశారా, సిమెంటు చేసే పనే అదీ చేస్తుంది, కాస్త నెమ్మదిగా.