కమాను ఇవ్వని రెండు నెలలు

1994 జూన్‌లో విజయనగరంలోని మన సంగీత కళాశాలలో వయొలిన్‌లో చేరినప్పుడు నాకు పదమూడేళ్లు. నాన్నగారు నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుడు. నైట్ షిఫ్టు దిగి, చొక్కా మీద జనపనార పీచు దులుపుకుంటూనే నన్ను బస్సెక్కించి విజయనగరం తీసుకొచ్చారు. వయొలిన్ చేతికొస్తుందని ముందు రోజు రాత్రి నాకు నిద్రే లేదు. మాస్టారు మాత్రం రెండు నెలలు కమాను, అంటే తీగల మీద ఆడించే కర్ర, ముట్టుకోనివ్వలేదు. "ముందు పాడమ్మా. నోట పలకనిది తీగ మీద ఎలా పలుకుతుంది?" అన్నారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు లాంటి తొలి పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలో నోటితోనే. పెద్ద క్లాసు వాళ్లు వాయిస్తుంటే గోడవారన కూర్చుని తాళం వేస్తూ వినాలి. ఎన్ని సాయంత్రాలు ఏడుపు మింగుకుని బస్సెక్కానో! ఇరవై అయిదేళ్లుగా ఈ వాయిద్యం మీదే బతుకుతున్నాను. నన్ను నిలబెట్టింది ఆ రెండు నెలలే.

మన గోడల మధ్య చదివిన వాళ్లందరం విన్న కథే. 1919లో కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాయిద్యం విని ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారని చెప్పుకుంటాం. చూపు సరిగా ఆనని మనిషి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు ఈ ఊళ్లోనే జోలె పట్టి మధుకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. చిన్నప్పుడు ఆ కథలో నాకు ఘంటసాల గారి పేరే కనిపించింది. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు పూర్తి చేసి 2000లో బయటికొచ్చాక ఆ జోలె కనిపించింది.

మొదటి కచేరీకి నాకిచ్చింది మూడు వందలు, బస్సు చార్జీలతో కలిపి. ఒక సభలో రెండున్నర గంటలు వాయిస్తే శాలువా కప్పి, దణ్ణం పెట్టి పంపించేశారు. కవరు లేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. మన చదువులో ఎవరూ నేర్పని పాఠం అదొక్కటే. డబ్బు సంగతి ముందే మాట్లాడుకోవడం తప్పు కాదని నాకు తెలియడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు వర్ణంతో (కచేరీ మొదట్లో వాయించే రచన) పాటు అది కూడా చెబుతున్నాను. నాట్యం అరంగేట్రాలకు వాయిస్తే కాస్త మెరుగ్గా ఇస్తారు, కాని రిహార్సళ్లకు లెక్క ఉండదు. పగలు ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరుగా చేశాను. పరీక్షలు దగ్గర పడితే మా పీరియడ్ లెక్కలకు వెళ్లిపోయేది. ఇవన్నీ చేస్తూ తెల్లవారుజామున నాలుగున్నరకు సాధనకు కూర్చోవాలి. ఒక వారం మానేస్తే వేలి కొనల మీద తీగ గీసిన గాడి మెత్తబడిపోతుంది. మళ్లీ అది గట్టిపడే దాకా స్వరాన్ని ఊపే ప్రతి గమకం నొప్పే.

ఆకాశవాణి ఆడిషన్ మొదటిసారి తప్పాను. టెన్షన్‌లో లయ పరుగెత్తింది, నాకే తెలిసింది. ఇంటికొచ్చి నాన్నగారికి చెబితే, "మిల్లులో కొత్త మగ్గం చేతికి రావడానికే ఆర్నెల్లు పడుతుంది కదమ్మా" అన్నారు, అంతే. రెండోసారి బి గ్రేడు వచ్చింది. ఉత్తరం ఆయనే చదివి వినిపించారు.

పాడేవారికి తోడుగా వాయించడమే మా పని. పక్కవాద్యం అంటే పక్కనే ఉండడం. పాడేవారు ఏ స్వరం మీదికి వెళ్తారో వారికే తెలియని క్షణంలో మన కమాను అక్కడికి చేరాలి. ముందు పడితే వారి ఊహకు అడ్డం, బాగా వెనకబడితే ప్రతిధ్వని. కచేరీ అయ్యాక పేరు వాళ్లది. దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోగలిగిన వాళ్లే ఈ పనిలో మిగులుతారు. ఒప్పుకోలేక వదిలేసిన గొప్ప చేతులు మా బ్యాచ్‌లోనే ఉన్నాయి, వాళ్ల మీద నాకు గౌరవమే.

ఒక శ్రీరామనవమి పందిరిలో కల్యాణి రాగం నడుస్తోంది. అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన ఊపందుకుంది. పంచమం తీగ టప్పున తెగి నా మణికట్టు మీద కొట్టింది. కొత్త తీగ పెట్టెలో ఉంది. కాని ఎక్కించి, సాగదీసి, శృతి చేసేసరికి అయిదు నిమిషాలు. నేను ఎడమ చెయ్యి పైకి జరిపి షడ్జమం తీగ మీదే పంచమాన్ని వెతుక్కున్నాను. తాళం రెండు చుట్లు, రెండు ఆవర్తనాలు, ఎలాగో నెట్టాను. పాడుతున్న ఆవిడ తల తిప్పి చూడలేదు. చెవితోనే గ్రహించినట్టున్నారు, మెల్లగా కింది స్థాయికి, మంద్రంలోకి దిగారు. అక్కడ నా కింది తీగలు రెండూ హాయిగా పలికాయి. మృదంగం ఆయన కూడా చెయ్యి తగ్గించారు. పందిట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. అన్నేళ్లూ వినాల్సింది నేనే అనుకున్నాను. ఆ రోజు వాళ్లిద్దరూ నన్ను విన్నారు.

2020 లాక్‌డౌన్‌లో కచేరీలన్నీ ఆగిపోతే ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టాను. ఇప్పుడు డాలస్ నుంచి ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు. నెట్‌లో ధ్వని కొంచెం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరం కలిసి వాయించలేం. అవతల వాళ్లు వాయిస్తుంటే నేను కమాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను, గోడవారన కూర్చున్నట్టే.

మన కళాశాల పూర్వ విద్యార్థుల ఈ సంచిక విడుదల రోజు మా బ్యాచ్ వాళ్లం కలిసి భైరవి అటతాళ వర్ణం వాయిద్దామనుకున్నాం. బ్యాంకులో చేరి పదిహేనేళ్లుగా పెట్టె తెరవని స్నేహితురాలు కూడా వస్తానంది. ఆధార శృతి ఒకటిన్నర (సి షార్ప్). అందరూ తీగలు ముందే మార్చుకుని రండి.