'ల'కు టోపీ ఏది?

మా చిన్నాడి కిండర్‌గార్టెన్ నుంచి చీటీ వచ్చింది. క్లాసులో లెక్కలకీ బొమ్మలకీ వాడతారట, ఖాళీ సీరియల్ డబ్బాలు, గుడ్ల అట్టలు, టాయిలెట్ పేపర్ గొట్టాలు పంపమన్నారు. ఆర్నెల్లకని డాలస్ వచ్చిన మా అత్తయ్య ఆ చివరి మాట దగ్గర ఆగిపోయారు. "బాత్రూంలోవా? పుస్తకాలుండే చోటికా?" పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషి ఆవిడ. నిజానికి నాకూ మనసొప్పలేదు, పైకి అనలేదంతే. వంటింటి పేపర్ టవల్ గొట్టాలు ముక్కలు కోసి పంపేశాను. ఎవరూ కనిపెట్టలేదు.

ఆ సంచి సర్దుతుంటేనే నా ఆదివారం క్లాసు గుర్తొచ్చింది. మా కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఎనిమిది మంది పిల్లలకు తెలుగు చెబుతాను. గుణింతాల దగ్గర బండి మొరాయించింది. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోవడం వీళ్ళకు అలవాటు. మన గుడి ఏమో నెత్తికెక్కి కూర్చుంటుంది.

పాల క్యాన్ల మూతల మీద తలకట్టు లేకుండా హల్లులు రాశాను. 36 కావాలి, మా ఇంట్లో వారానికి రెండే తేలతాయి, కాబట్టి నాలుగిళ్ళ తలుపులు తట్టాను. సలాడ్ డబ్బా మూత అద్దంలా ఉంటుంది కదా, దాన్ని చిన్న బిళ్ళలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద ఎర్ర మార్కర్‌తో తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము వేశాను. హల్లు మీద బిళ్ళ పెడితే 'కి', తీసి ఇంకోటి పెడితే 'కా'. అంచులు గీరుకుంటాయి, టేపు తప్పనిసరి. స్ట్రాబెర్రీ డబ్బా మాత్రం దండగ, మూతంతా చిల్లులే.

కొమ్ము బిళ్ళ పెట్టి చూస్తే 'కు' బోడిగుండుతో వచ్చింది! గుడి వస్తే తలకట్టు దిగిపోతుంది, కొమ్ము వస్తే ఎక్కడికీ పోదు. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను, ఒక్కనాడూ గమనించలేదు. పలక మీద దిద్దిందే దిద్దినవాళ్ళం, అక్షరాన్ని ఎప్పుడు విప్పి చూశాం గనక.

క్లాసులో మావాడు తలకట్టు బిళ్ళ తెచ్చి అన్నిటికీ తొడిగాడు. 'ల' దగ్గర ఆగి, "అమ్మా, దీనికి టోపీ సెట్ అవ్వట్లేదు" అన్నాడు. ఎందుకో నాకు తెలిస్తే కదా. "కొన్నిటికి ఉండదు నాన్నా" అని దాటేశాను.

ఆ రాత్రి డైనింగ్ టేబుల్ మీద మూతలన్నీ పరిచి టోపీ లేనివాటిని ఏరాను. ఖ, జ, ట, ణ, బ, ల. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, వేలితో టేబుల్ మీద రాసుకుంటూ ఒక్కొక్కటే సరిచూశారు. "ఙ, ఞ ఏవీ? బండి ఱ కూడా వదిలేశావు" అన్నారు.

ఇప్పుడు సలాడ్ డబ్బా ఖాళీ అయితే నాకంటే ముందు ఆవిడే కడిగి ఆరబెడుతున్నారు. బాత్రూం గొట్టాల సంగతి మాత్రం ఎత్తనివ్వరు.