కులశేఖర పడి దాకా వెళ్ళి లెక్కలడగాలా?

"స్వామికి వ్యాపారంలో వాటా పెట్టా, అందుకే కలిసొచ్చింది" అని చెప్పుకునేవాళ్ళు మా తిరుపతిలో వీధికొకరుంటారు. కలిసిరానివాళ్ళను ఎవరూ కదిలించరు. మొన్న అలిపిరి దగ్గర టీకొట్టులో ఒకాయన వాపోయాడు: "ప్రతి ఏడూ నడిచే పోతా ఉండాం అన్నా. మా తోడల్లుడు కొండ దిక్కే చూడడు, మిద్దె మీద మిద్దె కడతా ఉండాడు. మాకేమిచ్చినాడు సామి?"

డబ్బు అడగడం తప్పని నేననను. సిరి కోరి కొలిచే అర్థార్థిని కూడా గీతాచార్యుడు సుకృతుల్లోనే చేర్చాడు, 'ఉదారాః సర్వ ఏవైతే', వీళ్ళంతా గొప్పవాళ్ళే అన్నాడు. బిడ్డ ఫీజుకో, ఆస్పత్రి ఖర్చుకో ఆయన్ని కాక ఎవర్ని అడుగుతాం? ఇస్తే ఇస్తాడు. ఇవ్వకపోతే చేసిన భక్తంతా దండగ అనుకుంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

కులశేఖరాళ్వారు చేరరాజు, పాశురాలనే తమిళ భక్తిపద్యాలు పాడిన పన్నెండుమంది ఆళ్వార్లలో ఒకరు. సిరి లేక కొండవైపు చూసినవాడు కాదు. ఒళ్ళు పెంచే ఈ ఐశ్వర్యపు జన్మ నాకొద్దు, వేంకటాద్రి కోనేట్లో కొంగనై పుట్టినా చాలన్నారు. కొంగకు రెక్కలుంటాయి, ఎగిరిపోతే? పోనీ చేపనవుతా. కోనేరు ఎండితే? సంపెంగ చెట్టునవుతా. ఇలా ఒక్కో పాశురంలో ఒక్కో కోరిక. చివరికొచ్చేసరికి, భక్తులూ దేవతలూ తొక్కి నడిచే నీ గడపనై పడుంటా, నీ పగడాల పెదవి చూస్తుంటా అన్నారు. ఆ తర్వాతి పాశురంలో అదీ వదిలేశారు. నీ బంగారు కొండ మీద ఏదో ఒకటి, ఏదైనా సరే! రాజ్యమేలినవాడు కోరిన పదవులివి. గర్భాలయం గడపను ఈనాటికీ కులశేఖర పడి అనే అంటున్నాం.

ఆ గడప దాటి స్వామి దగ్గరికి వెళ్ళే నైవేద్యం సగం పగిలిన కొత్త కుండలో పెట్టిన పెరుగన్నం. లడ్డూ, వడ, పులిహోర గడపకు ఇవతలే. తొండమాన్ రాజు బంగారు పూలను పక్కకు నెట్టి, కుమ్మరి సారె దగ్గర్నుంచి లేచే తీరిక లేని కురువ నంబి మట్టిపూలను పాదాల మీద ఉంచుకున్న స్వామి మరి! ఆ కుమ్మరికి ఆయన బంగారమివ్వలేదు, మోక్షమిచ్చాడు.

మెట్లపూజ చేస్తూ ఎక్కే ఆడవాళ్ళను చూశారా? నడుం వంచి ప్రతి మెట్టుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, పైకి చేరేసరికి గోళ్ళ సందుల్లో పసుపు గట్టిపడి ఉంటుంది. గాలిగోపురం దగ్గర ఒకామెను ఏం మొక్కుకున్నావమ్మా అని అడిగాను.

"ఆ మొక్కు ఎప్పుడో తీరిపోయింది నాయనా. ఎక్కకుండా ఉండలేక వస్తా ఉండా" అంది.

చెప్పుకోవాల్సినవుంటే మెట్ల మీదే చెప్పుకోండి, బోలెడంత దారి. లోపల దొరికేది క్షణం. గంటలకొద్దీ కంపార్ట్‌మెంట్లలో కూర్చుని, తీరా ఎదురుగా నిలబడ్డాక కళ్ళు మూసుకుని కోరికల చిట్టా చదవడమేమిటండీ? కళ్ళు తెరిచి ఆయన్ని చూడండి.