ఆంప్‌ని డిక్కీలోంచి సీటు కిందకి మార్చేశా

డిక్కీలో ఆంప్ (స్టీరియో సౌండ్‌ని పెంచి స్పీకర్లకి పంపే యాంప్లిఫయర్ పెట్టె) ఉంటే ఏంటి ప్రాబ్లం అంటే, సామాన్లు పెట్టనంతవరకు ఏమీ లేదు. నా కార్లో మాత్రం పెద్ద బ్యాగులు పెడితే చాలు, అవి ఆంప్‌కి ఆనుకుపోయి గాలి ఆడేది కాదు, కాసేపు సౌండ్ పెంచి వింటే వేడెక్కి దానంతటదే ఆగిపోయేది, చల్లారాక మళ్లీ మామూలే. అందుకే పీకేసి ముందు ప్యాసింజర్ సీటు కిందకి మార్చా. పెట్టెని మార్చడం నాలుగు స్క్రూల పని, తలనొప్పంతా వైర్లతోనే, అందులోనూ ఎర్త్ వైరుతో, అంటే ఆంప్‌ని కారు ఇనుప బాడీకి కలిపే వైరుతో.

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పక్కన పెట్టేయండి, ఇక్కడ బద్ధకం వద్దు. సీటు కింద పసుపు కనెక్టర్లు ఉంటే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ తాలూకువి, వాటి జోలికి అస్సలు పోవద్దు. నేనైతే సీటు ఊడదీయలేదు, ముందుకీ వెనక్కీ జరుపుకుంటూనే కానిచ్చేశా.

సీటు కింద ఖాళీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ మనిషి కూర్చుంటే స్ప్రింగులు కిందకి దిగుతాయి, పైగా వెనక సీటు వాళ్ల కాళ్లకి గాలి వెళ్లే డక్ట్ కొన్ని కార్లలో అక్కడే తెరుచుకుంటుంది, హీటర్ వేస్తే ఆ వేడంతా ఆంప్ మీదకే. అందుకని ఆంప్ సైజులో అట్టముక్క కోసి, ఒకర్ని కూర్చోబెట్టి, సీటు ఆ చివర నుంచి ఈ చివర దాకా జరిపి చూశా. ఆంప్‌ని నేరుగా కార్పెట్ మీద పెట్టకుండా ప్లైవుడ్ ముక్క మీద బిగించా, తడి కాళ్లతో ఎక్కితే నీళ్లు చేరేది కార్పెట్‌లోకే కదా.

పవర్ వైరు విషయంలో మాత్రం లాభమే, ముందు సీటు బ్యాటరీకి దగ్గర కాబట్టి వైరు పొట్టిదవుతుంది. 8 గేజ్ (వైరు మందం కొలత) రాగి వైరు నిరోధం మీటరుకి దాదాపు 2 మిల్లీఓమ్‌లు, అంటే 5 మీటర్ల వైర్లో 50 ఆంపియర్లు లాగితే అర వోల్టు దార్లోనే పోతుంది, పొడవు సగమైతే నష్టమూ సగమే. మిగిలిన వైరుని చుట్ట చుట్టి సీటు కింద దోపకుండా కోసేయండి. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ మాత్రం ఉన్నచోటే ఉండాలి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు, ఎందుకంటే ఆ ఫ్యూజ్ కాపాడేది ఆంప్‌ని కాదు, వైరుని. అది లేకపోతే వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలిందంటే మంటే.

ఇక ఎర్త్. పాత వైరుని డిక్కీ దాకా లాగే ఆలోచన పెట్టుకోవద్దు, ఆంప్ పక్కనే కొత్త చోటు చూసుకోవాలి, వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. సీటు బెల్టు బోల్టు వద్దే వద్దు, అది ప్రాణాలు కాపాడేది. కొత్త కన్నం వేయాలంటే ముందు కారు కిందకి దూరి చూడండి, పెట్రోలు పైపో బ్రేకు పైపో సరిగ్గా అక్కడే ఉండొచ్చు. నేను కార్పెట్ ఎత్తి, బాడీ మీద ఎమెరీ పేపర్‌తో రుద్దా, పెయింట్ పోయి కింద బూడిదరంగు ప్రైమర్ వచ్చింది, చాలామంది అక్కడే ఆపేస్తారు, ఆపకూడదు, ఇనుము తళతళలాడే దాకా రుద్దాలి. వైరు చివర లగ్‌ని (బోల్టు దూరే రింగు) నొక్కి క్రింప్ చేసి, పళ్ల వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన పెయింట్ పూసేశా. తర్వాత అన్నీ కలిపి, బ్యాటరీ టెర్మినల్ మళ్లీ తగిలించాక, ఇంజిన్ ఆన్ చేసి, పాట గట్టిగా పెట్టి, మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొన ఆంప్ ఎర్త్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి చూడాలి, సున్నాకి ఎంత దగ్గరుంటే అంత మంచి ఎర్త్. ఓమ్‌లలో కొలిచే పద్ధతి నాకు నచ్చదు, మామూలు మీటర్లు అంత చిన్న విలువ సరిగ్గా చూపించలేవు.

ఆర్‌సీఏ కేబుళ్లు (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేవి) ఒక వైపు, పవర్ వైరు ఇంకో వైపు. ఎక్కడైనా కలవక తప్పకపోతే అడ్డంగా దాటించాలి గానీ పక్కపక్కన లాగొద్దు. ఎక్సలేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో కీచుమనే గోల పెరుగుతోందంటే అది ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) గోల, నేనైతే ముందు ఎర్త్‌నే అనుమానిస్తా, తర్వాతే కేబుళ్లు.

వూఫర్ (బేస్ సౌండ్ ఇచ్చే పెద్ద స్పీకర్) డిక్కీలోనే ఉంది కాబట్టి దానికి మందమైన స్పీకర్ వైరు కొత్తగా వెనక్కి లాగాల్సొచ్చింది. ఆంప్ మీద గెయిన్ (వచ్చే సిగ్నల్‌కి తగ్గట్టు సెట్ చేసే నాబ్) ముట్టుకోలేదు, స్టీరియో అదే, స్పీకర్లు అవే, మార్చడానికి కారణమే లేదు. నాబ్‌లు ఉన్న వైపు మాత్రం డోరు వైపుకి తిప్పి పెట్టా, వెనక కూర్చున్నవాళ్ల కాళ్లు తగలకుండా.