ఓడ కంటే ముందు చేరవలసిన కాగితం

విశాఖపట్నం ఓడరేవు చుట్టూ ఉన్న క్లియరింగ్ ఏజెన్సీలలో పనిచేసినవారికి బి.ఎల్. అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సరుకు ఎవరికి చెందుతుందో తేల్చే ఆ బిల్ ఆఫ్ లేడింగ్ అసలు ప్రతి అందనిదే షిప్పింగ్ ఏజెంటు మామూలుగా సరుకు అప్పగించమనే డెలివరీ ఆర్డర్ ఇవ్వడు, ఆ ఆర్డర్ లేనిదే సరుకు రేవు గేటు దాటదు, గడువు దాటి పడి ఉన్న ప్రతి రోజుకూ డెమరేజ్ అనే అదనపు రుసుము పెరుగుతూనే ఉంటుంది. ఓడ రేవు చేరినా కాగితాలు దారిలోనే ఉంటే దిగుమతిదారు బ్యాంకు గ్యారంటీ ఇచ్చి సరుకు విడిపించుకోవలసిందే. డీహెచ్‌ఎల్ అనే అంతర్జాతీయ కొరియర్ సంస్థ పుట్టింది సరిగ్గా ఈ ఇబ్బందిలో నుంచే. పార్సిళ్లు దాని వ్యాపారంలోకి తరువాత వచ్చాయి.

1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అడ్రియన్ డాల్సీ, లారీ హిల్‌బ్లామ్, రాబర్ట్ లిన్ అనే ముగ్గురు తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ఈ సంస్థను ప్రారంభించారు. ఓడలు హవాయిలోని హోనొలులుకు చేరడానికి రోజులు పడుతుండగా, వాటి సరుకు పత్రాలను సంచిలో పెట్టుకుని విమానంలో గంటల్లో చేరవేస్తే, ఓడ రాకముందే కస్టమ్స్ పని మొదలుపెట్టవచ్చునన్నది వారి ఆలోచన. సొంత విమానం లేదు, గిడ్డంగి లేదు. మామూలు ప్రయాణికుల విమానంలో ఒక మనిషి, అతని లగేజీగా పత్రాల సంచులు, అంతే పెట్టుబడి. ఓడకు రేవులో నిలిచే ప్రతి రోజూ ఖర్చే కనుక, షిప్పింగ్ కంపెనీలు ఈ సేవకు సంతోషంగానే డబ్బు చెల్లించాయి.

1970ల ఆరంభంలోనే సంస్థ ఫిలిప్పీన్స్, జపాన్, హాంకాంగ్, సింగపూర్, ఆస్ట్రేలియాలకు విస్తరించింది. హాంకాంగ్ కేంద్రంగా విదేశీ విభాగాన్ని నిర్మించడంలో పో చుంగ్ అనే వ్యాపారి పాత్ర పెద్దది. ఉత్తరాలు మోసే హక్కు ప్రభుత్వ తపాలా శాఖలదేనన్న చట్టాలు చాలా దేశాల్లో కొరియర్లకు అడ్డు తగిలాయి. మన 1898 నాటి తపాలా చట్టం కూడా ఆ హక్కును కేంద్ర ప్రభుత్వానికే కట్టబెట్టింది. కొరియర్ కవర్లను ఉత్తరాలనకుండా ‘డాక్యుమెంట్లు’ అనడం అందుకే అలవాటయిందని నా అనుమానం. ఆ గుత్తహక్కు దాని స్థానంలో వచ్చిన 2023 తపాలా చట్టంలో లేదు. హిల్‌బ్లామ్ 1995లో పసిఫిక్‌లోని సైపాన్ దగ్గర విమాన ప్రమాదంలో మరణించాడు. 2002 నాటికి సంస్థ పూర్తిగా జర్మనీకి చెందిన డాయిష్ పోస్ట్ చేతికి వచ్చింది. తపాలా శాఖలతో తగువులాడి పెరిగిన కంపెనీ చివరికి ఒక తపాలా సంస్థ సొత్తు కావడం తమాషాగానే ఉంటుంది. భారత్‌లో 1983లో ముంబైలో మొదలైన బ్లూ డార్ట్ అనే కొరియర్ సంస్థలో అధిక వాటా కూడా ఇదే యాజమాన్యానికి చేరింది. అమెరికాలో దేశీయ పార్సిళ్ల రంగంలో మాత్రం ఫెడెక్స్, యూపీఎస్‌లకు ఎదురునిలవలేక డీహెచ్‌ఎల్ 2009 ఆరంభంలో తప్పుకుంది.

ఇప్పుడు డీహెచ్‌ఎల్ పని జరిగే తీరు హబ్‌ల మీద, అంటే పెట్టెలను ఒకచోట చేర్చి వేరుచేసి పంపే కేంద్రాల మీద ఆధారపడింది. బ్రస్సెల్స్‌లో ఉన్న యూరప్ ప్రధాన హబ్ 2008లో జర్మనీలోని లైప్జిగ్‌కు మారింది. హాంకాంగ్, అమెరికాలోని సిన్సినాటి మిగిలిన రెండు పెద్ద కేంద్రాలు. లైప్జిగ్‌లో రాత్రి పూట వరుసగా దిగే విమానాల నుంచి దించిన పెట్టెలు బెల్టుల మీద బార్‌కోడ్ ప్రకారం విడిపోయి, తెల్లవారేలోపు వేరే విమానాలెక్కుతాయి. విశాఖలో ఇచ్చిన పెట్టె కూడా ముందు ఏదో ఒక పెద్ద విమానాశ్రయానికి చేరి, అక్కడి కస్టమ్స్ దాటాకే విదేశీ ప్రయాణం మొదలుపెడుతుంది.

విశాఖలోని ద్వారకానగర్‌లోనో, గాజువాకలోనో అమెరికాకు ఆవకాయ, మాడుగుల హల్వా పంపడానికి వెళ్లినవారికి ఎదురయ్యే మొదటి ఆశ్చర్యం తూకం. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదే వాల్యూమెట్రిక్ బరువు. అసలు బరువు, ఇది, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో అప్పడాలూ వడియాలూ నింపితే కాటా మీద నాలుగు కిలోలే తూగినా, లెక్కలో 7.2 కిలోలు అవుతుంది. అరకిలో చొప్పున పైకి సవరించి 7.5 కిలోలకు బిల్లు రాస్తారు. విమానంలో బరువు కంటే ముందు జాగా నిండిపోతుంది కనుక ఈ లెక్కలో అన్యాయమేమీ లేదు. అయితే టేపు పెట్టి కొలవకముందే ఆ మాట చెబితే కౌంటరు దగ్గర సగం వాదనలు తప్పుతాయి.

పెట్టె విమానం దిగకముందే దానిలో ఏముందో, విలువ ఎంతో, పంపినవారెవరో తెలిపే సమాచారం అవతలి దేశపు కస్టమ్స్ కంప్యూటర్‌కు చేరుతుంది. హోనొలులుకు సంచిలో వెళ్లిన పత్రాల పనినే ఇప్పుడు ఈ డేటా చేస్తోంది. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తివేయడంతో ఆ వివరాలకు ప్రాధాన్యం మరింత పెరిగింది. అందుకే ఇప్పుడు పంపేవారు ‘ఫుడ్ ఐటమ్స్’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, పచ్చడి ఎన్ని గ్రాములు, పొడి ఎన్ని పొట్లాలు, ఒక్కొక్కదాని వెల ఎంత అన్నది విడివిడిగా రాసివ్వడం మేలు.